శనివారం తెచ్చిన సీపీయూ

మా తమ్ముడికి నచ్చే గ్రాఫిక్స్ కార్డు ఈ దేశంలో లేదు. ఈ సంగతి నాకు కరోనా వచ్చిన ఏడాది చలికాలంలో, దుకాణాలన్నీ మూసేసి ఇంట్లోనే ఆఫీసు పెట్టుకున్న రోజుల్లో తెలిసొచ్చింది. కార్డులు దొరక్క కాదు. పాత సామాన్లు అమ్ముకునే సైటు తెరిస్తే చాలు, జర్మన్లు తమ కెల్లర్లలో, అంటే ఇంటి కింది గదుల్లో, ఇరవై ఏళ్లుగా దాచిపెట్టిన కంప్యూటర్ ముక్కలన్నీ లాక్‌డౌన్ పుణ్యమా అని పైకి తెచ్చి, దుమ్ము దులిపి ఫోటోలు పెట్టేశారు. నేను రోజూ అందులోంచి ఒకటి ఏరి వాడికి పంపేదాన్ని. వాడు రోజూ దానికో వంక పెట్టేవాడు.

నేను పాడర్‌బోర్న్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తాను. తప్పులు పట్టినందుకే నాకు జీతమిస్తారు. అయినా ఆ విద్యలో మా తమ్ముడి కాలిగోటికి చాలను. వాడు నా తర్వాత కొన్నేళ్లకు జీగెన్‌లో ఎంఎస్ చదవడానికి వచ్చాడు. వచ్చిన కొత్తలో వారం విడిచి వారం మా ఇంటికొచ్చి ఫ్రిజ్ ఖాళీ చేసి పోయేవాడు. చదువుకునే వాళ్లకు సెమిస్టర్ టికెట్ ఉంటుంది, రైలుకు చేతినుంచి పెట్టేది కూడా ఉండదు. లాక్‌డౌన్ మొదలయ్యాక క్లాసులు తెరమీదికొచ్చాయి. హాస్టల్లో పక్కగదుల వాళ్లు ఒక్కొక్కరే సర్దుకుని వెళ్లిపోయారు. వీడు మిగిలాడు.

మొదట్లో వీడియో కాల్‌లో కనబడేవాడు. తర్వాత "నెట్ మంచిగ లేదక్కా" అని వీడియో ఆపేశాడు. తిన్నావా అంటే తిన్న అనేవాడు. ఏం తిన్నావంటే ఏదో ఒకటి అనేవాడు. పరీక్షలు రాయలేదని వాడి క్లాసులో ఇంకొకతని ద్వారా నాకు తెలిసింది. నేనొకసారి రైలెక్కి వెళ్లాను. బయటివాళ్లను హాస్టల్లోకి రానివ్వరు. వాడు కిందికొచ్చి, గుమ్మంలో నిలబడి, నేను తెచ్చిన టిఫిన్ డబ్బాలు తీసుకుని, "చలిగున్నది, నువ్వు పో" అన్నాడు. జుట్టు భుజాల దాకా పెరిగింది. చెప్పులతోనే ఉన్నాడు, బయట మంచు పడుతోంది. తిరుగు రైల్లో నేను మాస్కు తడిసేదాకా ఏడ్చాను. వాడిని ఎలాగైనా ఆ గదిలోంచి బయటికి తేవాలి. ఆ చలికాలంలో నాకు ఇంకో కోరిక లేదు.

"మా ఇంటికి రారా" అంటే "కేసులెక్కువున్నయి" అనేవాడు. మన ఇద్దరం కలవొచ్చు, ఒక ఇంటికి ఇంకొక మనిషి రావడానికి అనుమతి ఉందని వార్తల్లోని ముక్క చదివి వినిపిస్తే "చూద్దాం" అనేవాడు. ఆ మాటకు అర్థం రాననే.

ఇంతలో ఒకరోజు ఊరికే, మాటలేవీ దొరక్క, చిన్నప్పుడు మేం ఆడిన కారు రేసు ఆట ఎత్తాను. కరీంనగర్‌లో మా ఇంటి ముందుగదిలో నాన్న కొన్న కంప్యూటర్. ఒకే కీబోర్డు, తెర రెండు ముక్కలు. కుడివైపు బాణాల మీటలు నావి, ఎడమవైపు అక్షరాలు వాడివి. వాడు ఓడిపోతున్నప్పుడల్లా మోచేత్తో నా చెయ్యి తోసేవాడు. "గుట్ట మీద రోడ్డు గుర్తున్నదా, మంచు పట్టి ఏం కనబడకపోతుండె" అన్నాను. అటువైపు వాడు వీడియో ఆన్ చేశాడు. నెలల తర్వాత వాడి మొహం కనబడింది.

"అక్కా, అది కొత్త లాప్‌టాప్‌ల ఆడితే ఆ మంచు రాదు తెలుసా?" అన్నాడు. "అప్పటి కార్డు మీదనే వస్తది."

"అయితే అప్పటి మిషనే చేద్దాం. ఈడ, మా ఇంట్ల. తయారైతే వస్తవా?"

"తయారైతే వస్త."

ఆ ఒక్క మాట పట్టుకుని నేను దిగాను. దిగాక తెలిసింది నా తల ప్రాణం తోకకెలా వస్తుందో.

మొదటి రోజే ఒక కార్డు దొరికింది. హామ్ అనే ఊరి దగ్గర ఎవరో అమ్ముతున్నారు, పోస్టులో పంపుతానన్నారు. లింకు పంపాను. "వద్దు, దీంట్ల మంచు సరిగ్గ కనబడదు" అన్నాడు. రెండోది పంపితే "దీని ఫ్యాన్ పోయింది, ఫోటోల చూడు" అన్నాడు. మూడోది మంచిదేనట, కానీ అది పట్టే స్లాట్ ఉన్న మదర్‌బోర్డు దొరకదట. నేను మదర్‌బోర్డు వెతికాను. దొరికింది. "కెపాసిటర్లు ఉబ్బినయి" అన్నాడు. కెపాసిటర్లంటే బోర్డు మీద నిలబెట్టిన చిన్న చిన్న డబ్బీలు. పాతబడితే వాటి నెత్తిమీద బొడిపె వస్తుంది, అలా వచ్చాక బోర్డును నమ్మలేం. నేనా ఫోటోను ఎంత పెద్దది చేసి చూసినా బొడిపె కనబడలేదు. అమ్మే ఆయనకు రాశాను, దయచేసి కెపాసిటర్ల నెత్తులు దగ్గరగా ఫోటో తీసి పంపగలరా అని. పంపాడు. వీడు పక్కనుంచి తీసింది కావాలన్నాడు. అదీ అడిగాను. పంపాడు. ఇంకొంచెం వెలుతురులో కావాలన్నాడు వీడు. ఈసారి అమ్మే ఆయన, మీరు కొంటారా లేక వీటి మీద పరిశోధన చేస్తున్నారా అని రాసి, నన్ను బ్లాక్ చేసేశాడు.

ప్రాసెసర్ విషయంలో మరీ విచిత్రం. లోకమంతా వేగం కావాలంటుంది. వీడికి నెమ్మదిగా ఉండేది కావాలి. ఎక్కువ వేగమైతే పాత ఆటల్లో కార్లు పిచ్చెత్తినట్టు పరిగెడతాయట. సరే, నెమ్మదిది వెతికి పంపితే "మరీ ఇంత నెమ్మదా?" అన్నాడు. సౌండ్ కార్డు పంపితే ఇంజిన్ చప్పుడు బొంగురుగా వస్తుందన్నాడు. పవర్ సప్లై పంపితే కొత్త కాలంది, పాత బోర్డుకు కావలసిన అయిదు వోల్టుల కరెంటు ఇందులోంచి చాలినంత రాదన్నాడు. అమ్మాయిని చూసిన ప్రతిచోటా కాఫీలో చక్కెర ఎక్కువైందని లేచొచ్చే పెళ్లికొడుకును పెట్టుకుని సంబంధాలు వెతుకుతున్నట్టుంది నా పని. కోడిగుడ్డు మీద ఈకలు పీకడంలో ఎంఎస్ ఇచ్చేట్టయితే వాడికి ఆ ఏడాదే పట్టా వచ్చేది.

ఒకటి మాత్రం నేను వాడిని అడక్కుండా తెచ్చేశాను. మానిటర్. పక్కవీధిలో ఒకాయన వెనకాల కడుపున్న ఆ పాతకాలం డబ్బా మానిటర్ ఊరికే ఇచ్చేస్తానని పెట్టాడు. బుధవారం సాయంత్రం ఆయనా నేనూ చెరో అంచు పట్టుకుని మెట్లెక్కించాం. మీటరున్నర దూరం పాటించాలి కాబట్టి మధ్యలో మానిటర్ ఉండటం మంచిదేనన్నాడాయన. నా తిండి బల్లనంతా అదే ఆక్రమించింది. అప్పట్నించి నేను కిటికీ గట్టు మీద కంచం పెట్టుకుని తిన్నాను. "పందొమ్మిది అంగుళాలదా? పదిహేడు అయితే బాగుండు" అన్నాడు మా వాడు.

ఆ రోజు నేను ఫోన్లో అరిచాను. "నీ కార్డు నువ్వే ఎతుక్కో, నీ మంచు నువ్వే కురిపించుకో. నాతోని కాదు" అని పెట్టేశాను. మర్నాడు పొద్దున మీటింగులో ఎవరో ఏదో చెబుతుంటే నేను తెర మీద ఇంకో విండోలో పాత కార్డులు చూస్తూ ఉన్నాను. సాయంత్రం మళ్లీ నేనే చేశాను. వాడు మొదటి రింగుకే ఎత్తాడు. కొత్తగా ఒకటి పంపాను. దానికీ వంకే.

జనవరి గడిచిపోయింది. వాడు మళ్లీ పరీక్షలకు పేరు ఇవ్వలేదు. నాకు భయం ముదిరింది. అప్పుడు దొరికింది అసలు మిషను.

పాడర్‌బోర్న్ పొలిమేర దాటాక ఉండే ఒక పల్లెలో రిటైరైన పెద్దాయన, తన కొడుకు చిన్నప్పుడు వాడిన మొత్తం కంప్యూటర్‌ను అమ్ముతున్నాడు. విడి ముక్కలు కాదు, మొత్తం డబ్బా. మన ఊళ్లో ఆ డబ్బాను సీపీయూ అంటాం. అలా అనకూడదని, సీపీయూ అంటే లోపలి ప్రాసెసర్ మాత్రమేనని తమ్ముడు నన్ను వందసార్లు దిద్దాడు. నేను మానలేదు. ఆయన మూత తీసి లోపలి ఫోటోలు పెట్టాడు. వాడు కావాలన్న కార్డు, వాడు కావాలన్న బోర్డు, నెత్తిమీద బొడిపెల్లేని కెపాసిటర్లు, అప్పటి కాలం పవర్ సప్లై, అన్నీ ఒకేచోట. వీడియో కూడా పెట్టాడు, పాత విండోస్ వచ్చే చప్పుడుతో సహా. నేనది తమ్ముడికి పంపి ఫోన్ చేశాను.

"చెప్పు. దీంట్ల ఏం తప్పున్నది?"

వాడు చాలాసేపు చూశాడు. "ఏం లేదు" అన్నాడు చివరికి, ఏదో పోగొట్టుకున్నట్టు.

"మరి?"

"సరే."

"సరే అంటే?"

"వస్త అక్కా. నువ్వు తెచ్చినంక వస్త."

పెద్దాయన శనివారం పదకొండింటికి తప్ప రమ్మని టైమివ్వలేదు. వారం మధ్యలో మనవరాళ్లకు ఆయనే పాఠాలు చెప్పాలట, ఆదివారం ఆదివారమేనట, ఏ పనీ పెట్టుకోడట. శనివారం టాక్సీలో వెళ్లాను. ఆయన మాస్కు పెట్టుకుని తోట గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కంప్యూటర్‌ను అరటిపండ్ల అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ పాత తువ్వాళ్లు కుక్కి, ప్రహరీ మీద ఉంచి, తను నాలుగడుగులు వెనక్కి జరిగాడు. నేను దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని టాక్సీలో ఒళ్లో పెట్టుకున్నాను. దారిలోంచే ఫోటో తీసి తమ్ముడికి పంపాను. "రేపు పొద్దుగాల బండికి వస్త" అని జవాబు వచ్చింది. నాకు గాల్లో తేలినట్టయింది.

ఇంటి ముందు దిగి, పెట్టె గుమ్మం పక్కన సైకిళ్ల స్టాండ్ దగ్గర పెట్టి తాళం చెవి వెతుకుతున్నాను. అప్పుడే అమ్మ వీడియో కాల్. సంతోషం పట్టలేక పెట్టె చూపించాను.

"గది ఇనుప డబ్బా గాదా?" అంది అమ్మ.

"కంప్యూటర్ అమ్మా."

"కంప్యూటరయితే ఇనుము గాదా? ఇయ్యాల శనివారం. శనివారం ఇనుము ఇంట్లకు తెస్తరా ఎవలన్న?"

"ఇనుమొక్కటే గాదే, ప్లాస్టిక్ గూడ ఉన్నది."

"మరి ఆ బరువు దేనిది?"

కింద కెల్లర్‌లో పెడతానన్నాను. కింది గదైనా ఇంట్లోదే కదా అంది. వద్దు, తీసుకెళ్లి పైన పెట్టేస్తాను, ఇవన్నీ ఇక్కడ ఎవరు చూస్తారని కొంచెం గట్టిగా అన్నాను. అమ్మ గొంతు తగ్గించింది.

"నీ కోసం చెప్తలేను బిడ్డా. వానికి ఏలినాటి శని నడుస్తాంది. వాడు వచ్చేది రేపు. ఒక్క పూట ఆగితే ఏం పోతది?"

నాకు శని మీద నమ్మకం లేదు. శనివారాలు నూనె కొన్నాను, ఇనప పెనం కొన్నాను, ఏమీ కాలేదు. కానీ వాడు వస్తానన్నది ఇన్నాళ్లకు ఒక్కసారి. అప్పుడు వాడి విషయంలో ఏ దేవుడితోనూ, ఏ గ్రహంతోనూ పేచీ పెట్టుకునే ధైర్యం నాకు లేకపోయింది. పెట్టెను గోడవారగా చూరు కిందికి జరిపి, తడవకుండా పైన ప్లాస్టిక్ కవర్ కప్పి, పైకెళ్లిపోయాను. ఈ వీధిలో దొంగలు లేరు. నా సైకిల్ తాళం లేకుండా వారాల తరబడి అక్కడే ఉంటుంది.

ఆదివారం పొద్దున కిందికెళితే ప్లాస్టిక్ కవర్ ఉంది. పెట్టె లేదు.

నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. ఈ దేశంలో అయిదేళ్లుగా ఉంటున్నాను. గోడవారన అరటిపండ్ల పెట్టెలో పెట్టిన వస్తువుకు ఇక్కడ ఒకటే అర్థం, మాకొద్దు, కావలసినవాళ్లు పట్టుకుపోండని. నా ఇంట్లో కుర్చీలు, దీపం, పుస్తకాల అర అన్నీ నేనలా వీధుల్లోంచి మోసుకొచ్చినవే. ఆ తెలివంతా నిన్న ఎక్కడికి పోయింది? అమ్మ మీద కోపం, శని మీద కోపం, ఆ అరటిపండ్ల మీద కూడా కోపం వచ్చింది. చెత్తడబ్బాల వెనక చూశాను, కెల్లర్ చూశాను, వీధి చివరిదాకా పరిగెత్తాను.

ఫోన్ మోగింది. తమ్ముడు. "హాగెన్‌ల దిగిన. బండి మారుతున్న. మిషన్ స్టార్టయిందా?"

లేదని చెబితే వాడు అక్కణ్నుంచే వెనక్కి తిరుగుతాడు. మళ్లీ ఆ గది తలుపు మూసుకుంటాడు. "ఉన్నదిరా. నువ్వు వచ్చినంకనే పెడ్దామని ఆగిన. రా" అన్నాను.

స్టేషన్లో దిగినవాణ్ని చూసి ఒక్క నిమిషం పోల్చుకోలేదు. కోటు వాడి మీద తగిలించినట్టుంది. నడుస్తూ వాడు గుట్ట రోడ్డు గురించి మాట్లాడుతూనే ఉన్నాడు, ఏ మలుపులో ఎంత వేగం ఉండాలో చెబుతున్నాడు. నేను ఊ కొడుతున్నాను. ఇంటి గుమ్మం దగ్గర ఇక దాచలేక ఆగిపోయి, గోడ వైపు చూపించి మొత్తం చెప్పాను.

వాడు గోడను చూశాడు, నన్ను చూశాడు. "శనివారం ఇనుమని బయట పెట్టినవా?" అన్నాడు. "జర్మనీల? టెస్టింగ్ చేస్తవ్ గదనే నువ్వు!" గొంతు లేచింది. "ఎవలన్న పెడ్తరా? అమ్మ చెప్తే? నీకు బుద్ధున్నదా అక్కా?" వీధిలో ఆదివారం ప్రశాంతంగా ఉంది, వాడి గొంతు మూలమూలకూ వినిపిస్తోంది. వాడు అరవడం విని ఏడాది దాటింది.

కింది వాటాలో ఒంటరిగా ఉండే పెద్దావిడ కిటికీ తెరిచింది. ఏమైందని అడిగింది. నేను నోరు తెరిచేలోపే తమ్ముడే జర్మన్‌లో, తడబడుతూ, పెట్టె గురించి అడిగాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది. నిన్న సాయంత్రం పాత ఇనుము ఏరుకునే వాళ్ల వ్యాను వచ్చిందని, మీరు వాళ్ల కోసమే పెట్టారనుకుని తనే కిటికీలోంచి కేకేసి చూపించానని చెప్పింది. బరువున్నా వాళ్లు మర్యాదగా తీసుకెళ్లారని కూడా చెప్పింది.

"ఇనుపోళ్లా?" అన్నాడు తమ్ముడు నాకేసి తిరిగి. "ఇనుపోళ్లకే ఇచ్చినవా?" అని మెట్ల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. నాకు నవ్వు రాలేదు. లేచి స్టేషన్ వైపు నడుస్తాడేమోనని వాడి సంచి నా చేతిలోకి తీసుకున్నాను. వాడు లేచి, పైకి నడిచాడు.

పైన మానిటర్ను నేల మీదికి దించి, బల్ల మీద అన్నం పెట్టాను. మామిడికాయ పప్పు, ఆలుగడ్డ వేపుడు. వాడు తల వంచుకుని తిన్నాడు. మళ్లీ పెడితే మళ్లీ తిన్నాడు. నేను ఊరుకోలేక, "రేపటి నుంచి ఇంకోటి ఎతుకుత, ఈసారి మంచి కార్డు చూస్త" అన్నాను.

"అన్ని మంచియే అక్కా" అన్నాడు.

"ఏంది?"

"నువ్వు పంపినయి. మొట్టమొదటిదే మంచిగున్నది. హామ్ ఆయనది. దాంట్ల మంచు గూడ బరాబర్ వస్తది."

నాకు ఒళ్లు మండిపోయింది. "మరి ఎందుకు వద్దన్నవ్‌రా? నేను ఎన్ని దినాలు పిచ్చిదాని లెక్క తిరిగిన! ఆ బోర్డు అమ్మేటాయన నన్ను బ్లాక్ చేసిండు, తెలుసా?"

వాడు కంచంలో వేళ్లతో గీతలు గీస్తున్నాడు. "సరే అంటే రావాలె గదా. అప్పుడు నాతోని కాకపోతుండె. తలుపు తియ్యబుద్ధి కాకపోతుండె. రాను అంటే నువ్వు ఫోన్లు బంద్ చేస్తవేమో అనుకున్న. వద్దు, ఇది బాగలేదంటే, రేపు ఇంకోటి పంపుతవ్. సాయంత్రం ఫోన్ చేసి తిడ్తవ్. దినమంత దాని కోసమే కూసుంటుంటి అక్కా. ఇంకెవలు చేస్తలేకుండె."

ఆ చలికాలమంతా నేను వాడి మీద పళ్లు నూరుతూ ఫోన్ తీసిన ప్రతి సాయంత్రం, అవతల వాడు ఆ ఒక్క రింగు కోసం చీకటి గదిలో కూర్చుని ఉన్నాడు. నేను విసుగ్గా పెట్టేసిన రోజున మర్నాటి దాకా ఎలా ఉన్నాడో నాకు తెలియదు. అడగలేకపోయాను. వాడి వీపు మీద గట్టిగా ఒక్కటిచ్చాను.

"ఆ రూముకు నువ్వు పోతలేవ్" అన్నాను. "సామాన్లు నేను పోయి తెస్త."

వాడు తలూపాడు. "పెరుగున్నదా?" అని అడిగాడు.

నేను లేచి ఫ్రిజ్ తలుపు తీశాను. పెరుగు ఎదురుగానే ఉంది. అయినా వాడికి నా మొహం కనబడకుండా, అక్కడే కాసేపు వెతుకుతున్నట్టు నిలబడ్డాను.